ఒకే మలుపు, రెండు జ్ఞాపకాలు

కూడిక గుర్తు ఆకారంలో నాలుగు దారులున్న ఒక చిక్కుదారి. ఎలుకను ప్రతిరోజూ దక్షిణపు కొసన వదులుతారు. తిండి ప్రతిరోజూ పడమటి కొసనే ఉంటుంది. ఉత్తరం దారి మూసి ఉంటుంది. ఎలుక చేయాల్సింది ఒక్కటే: నేరుగా నడిచి కూడలి చేరి ఎడమకు తిరగడం. కొద్ది రోజుల్లో అది తడబాటు లేకుండా తిరుగుతుంది. చూసేవాళ్లు 'నేర్చుకుంది' అంటారు.

ఏమి నేర్చుకుంది? తిండి పడమట ఉందనా, కూడలి రాగానే ఎడమకు తిరగాలనా? బయటికి రెండూ ఒకే మలుపుగా కనిపిస్తాయి. తేడా తేల్చాలంటే ఒక రోజు ఎలుకను ఉత్తరపు కొస నుంచి వదలాలి. చోటును గుర్తుంచుకున్న ఎలుక ఈసారి కుడికి తిరిగి పడమటికే వెళ్తుంది. మలుపును అలవాటు చేసుకున్న ఎలుక ఎప్పటిలాగే ఎడమకు తిరిగి, తిండి లేని తూర్పుకు చేరుతుంది.

మార్క్ ప్యాకర్డ్, జేమ్స్ మెక్‌గా 1996లో ఈ ప్రయోగం ఫలితాలు ప్రచురించారు. ఎనిమిదో రోజు పరీక్షించినప్పుడు ఎక్కువ ఎలుకలు చోటుకు వెళ్లాయి. శిక్షణ కొనసాగించి పదహారో రోజు పరీక్షిస్తే ఎక్కువ ఎలుకలు అలవాటు మలుపు తిరిగాయి. ఇంతవరకు మనం ఊహించగలిగేదే. వాళ్లు ఇంకో పని కూడా చేశారు. పరీక్షకు కాస్త ముందు కొన్ని ఎలుకల మెదడులో ఒక్కో భాగానికి లిడోకెయిన్ అనే మొద్దుబార్చే మందు ఇచ్చారు. ఎనిమిదో రోజు, మెదడు లోపల ఉండే హిప్పోక్యాంపస్ అనే భాగం మొద్దుబారిన ఎలుకలు ఎటూ తేల్చుకోలేకపోయాయి. చోటు అందుబాటులో లేదు, అలవాటు ఇంకా కుదరలేదు. పదహారో రోజు స్ట్రయేటం అనే లోతైన భాగంలోని కాడేట్ కేంద్రకాన్ని మొద్దుబార్చినప్పుడు మాత్రం ఎలుకలు తికమకపడలేదు. అవి మళ్లీ చోటుకు వెళ్లాయి. వారం కిందటి ఆ జ్ఞాపకం చెరిగిపోలేదు. అలవాటు దాని ముందుకొచ్చి నిలబడింది, అంతే.

మెదడు గురించి చదివిన ప్రయోగాల్లో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది ఇదే. జ్ఞాపకం అంటే ఒక పెట్టెలో దాచిన వస్తువు, అది ఉంటే గుర్తున్నట్టు, లేకపోతే మరచినట్టు అనుకుంటాం. ఎలుక మెదడు చూపించేది వేరు. ఒకే అనుభవాన్ని పలు నాడీ వలయాలు ఒకేసారి, ఎవరి తీరులో వారు రాసుకుంటాయి. ఏ క్షణంలో ఏ వలయం జవాబు చెబుతుందన్నది మారుతూ ఉంటుంది. కాబట్టి 'గుర్తుందా లేదా' అని అడగడం కన్నా 'ఇప్పుడు జవాబు చెబుతున్నది ఎవరు' అని అడగడం మేలు. ఈ చూపుతో చూస్తే నూరేళ్ల పరిశోధనలో విడివిడిగా కనిపించే ముక్కలు ఒకదానికొకటి అతుక్కుంటాయి.

పేర్ల విషయంలో ఒక స్పష్టత. ప్రయోగశాలల్లో వాడేవి రెండు వేర్వేరు జాతులు. పెద్దదాన్ని ఇక్కడ ఎలుక అనీ, చిన్నదాన్ని చుంచెలుక అనీ రాస్తున్నాను. చిక్కుదారి ప్రయోగాలు, ఎలక్ట్రోడ్ ప్రయోగాలు మొదట్లో ఎక్కువగా ఎలుకలపై జరిగాయి. జన్యువులను మార్చడం చుంచెలుకల్లో తేలిక కాబట్టి ఇటీవలి పని చాలావరకు వాటిపై జరిగింది. చుంచెలుక మెదడులో నాడీకణాలు సుమారు 7 కోట్లు, ఎలుకలో 20 కోట్లు, మనిషిలో 8,600 కోట్లు. సంఖ్యల్లో ఇంత దూరం ఉన్నా, ఇక్కడ చెప్పబోయే ముఖ్యమైన భాగాలన్నీ మూడింటిలోనూ ఉన్నాయి, వాటి మధ్య ప్రధాన అనుసంధానాలు కూడా ఒకే తీరుగా ఉంటాయి.

వెతికినా దొరకని గుర్తు

అనుభవం మెదడులో వదిలే భౌతికమైన గుర్తుకు జర్మన్ శాస్త్రవేత్త రిచర్డ్ సెమోన్ 1904లోనే 'ఎంగ్రామ్' అని పేరు పెట్టారు. దాన్ని కళ్లారా చూడాలని అమెరికాలో కార్ల్ లాష్లీ దశాబ్దాల పాటు శ్రమించారు. ఎలుకలకు చిక్కుదారి నేర్పి, మెదడు పైపొర అయిన కార్టెక్స్‌లో ఒక్కో ఎలుకకు ఒక్కో చోట కోత పెట్టి, ఏ భాగం పోతే దారి మరచిపోతాయో చూశారు. అలాంటి చోటు ఒక్కటీ దొరకలేదు. ఎక్కడ తీశారన్నది కాక, ఎంత తీశారన్నదే లెక్కకు వచ్చింది. ఈ సాక్ష్యాలన్నీ చూస్తుంటే నేర్చుకోవడమనేది అసలు సాధ్యమే కాదేమోనని కొన్నిసార్లు అనిపిస్తుందని ఆయన 1950లో రాసుకున్నారు.

లాష్లీ పనిలో శ్రద్ధ తక్కువ కాలేదు. ఆయన అడిగిన ప్రశ్నలోనే చిక్కుంది. చిక్కుదారిని ఎలుక చూపుతో, వాసనతో, మీసాల స్పర్శతో, తన ఒంటి కదలికతో ఒకేసారి నేర్చుకుంటుంది. ఒక దారి మూసుకుపోతే ఇంకో దారిన జవాబు చెబుతుంది. ఆయన కత్తి కార్టెక్స్ దగ్గరే ఆగింది, దాని అడుగున ఉన్న భాగాలు అలాగే ఉండిపోయాయి.

దాదాపు అదే కాలంలో ఎడ్వర్డ్ టోల్మన్ కత్తి ముట్టకుండానే ఇంకో వైపు నుంచి వచ్చారు. 1930లో ఆయన, చార్లెస్ హాన్‌జిక్ కలిసి కొన్ని ఎలుకలను పది రోజుల పాటు తిండి పెట్టకుండా చిక్కుదారిలో తిరగనిచ్చారు. అవి ఏమీ నేర్చుకుంటున్నట్టు కనిపించలేదు. పదకొండో రోజు చివరి గదిలో తిండి పెట్టారు. మరుసటి రోజుకే అవి, మొదటి రోజు నుంచీ తిండి దొరుకుతున్న ఎలుకలతో సమానంగా పరుగెత్తాయి. అంటే ఆ పది రోజులూ అవి దారిని మనసులో గీసుకుంటూనే ఉన్నాయి, బయటపెట్టాల్సిన అవసరం రాలేదు. బహుమతి ఉంటేనే నేర్చుకుంటాయన్న ఆనాటి గట్టి నమ్మకానికి ఇది సరిపడలేదు. ఎలుక తలలో ఒక పటం ఉంటుందని టోల్మన్ 1948లో వాదించారు. ఆ పటం నిజంగా మెదడులో ఎక్కడో ఉండి ఉంటుందని నమ్మినవాళ్లు అప్పట్లో తక్కువ.

ఈ పరిశోధనను మలుపు తిప్పింది ఎలుకలు కాదు, ఒక మనిషి. 1953లో హెన్రీ మోలైసన్ అనే 27 ఏళ్ల యువకుడికి తీవ్రమైన మూర్ఛలు తగ్గించడానికి విలియం స్కోవిల్ మెదడు రెండు వైపులా హిప్పోక్యాంపస్‌లో చాలా భాగం తీసేశారు. మూర్ఛలు తగ్గాయి. కానీ ఆ తర్వాత జరిగినదేదీ ఆయనకు నిలవలేదు. అయినా బ్రెండా మిల్నర్ ఆయన చేత అద్దంలో చూస్తూ నక్షత్రం గీయిస్తే రోజురోజుకూ చెయ్యి కుదిరింది. నిన్న గీసినట్టు మాత్రం గుర్తులేదు. చెయ్యి నేర్చుకోవడం ఒక వలయం పని, 'నేను నిన్న ఇది చేశాను' అనేది ఇంకో వలయం పని. కూడలిలో మలుపు తిరిగిన ఎలుకల కథకు ఇది మనిషిలో కనిపించిన ముందు రూపం.

పటం గీసే కణాలు

హిప్పోక్యాంపస్ అంత ముఖ్యమైతే, అందులోని కణాలు ఏమి చేస్తున్నట్టు? 1971లో లండన్‌లో జాన్ ఓకీఫ్, జొనథన్ దోస్త్రోవ్‌స్కీ స్వేచ్ఛగా తిరిగే ఎలుక హిప్పోక్యాంపస్‌లో సన్నని ఎలక్ట్రోడ్ పెట్టి విన్నారు. కొన్ని కణాలు ఎలుక ఒక నిర్దిష్టమైన చోటికి వచ్చినప్పుడే ఉత్తేజితమయ్యాయి. ఈ మూలన ఒకటి, ఆ గోడ పక్కన ఇంకొకటి. ఎలుక ఎటు తిరిగి ఉన్నా, ఏమి చేస్తున్నా, బహిరంగ స్థలంలో చోటే ముఖ్యం. వీటిని స్థాన కణాలు అన్నారు. ఇలాంటి కణాలు కొన్ని పదులుంటే చాలు, వాటి సంకేతాలను చూసి ఆ ఎలుక గదిలో ఎక్కడుందో మనం బయట కూర్చుని చెప్పగలం. టోల్మన్ ఊహించిన పటానికి మొదటిసారి భౌతిక రూపం దొరికింది.

హిప్పోక్యాంపస్‌కు సమాచారం అందించే ఎంటోరైనల్ కార్టెక్స్‌లో 2005లో నార్వేలోని ట్రాండ్‌హైమ్‌లో మే-బ్రిట్ మోసర్, ఎడ్వర్డ్ మోసర్ బృందం ఇంకా వింతైన కణాలను వివరించింది. అక్కడ ఒక్కో కణం ఒక్క చోట కాదు, నేలంతటా సమాన దూరాల్లో, త్రిభుజాలు పరిచినట్టు అనేక చోట్ల స్పందిస్తుంది. గదిలో అలాంటి గీతలేవీ లేవు. ఆ కొలత మెదడు తనకు తానుగా వేసుకున్నది. ఓకీఫ్‌కు, మోసర్ దంపతులకు 2014లో నోబెల్ బహుమతి లభించింది.

ఇక్కడ ఒక అపోహ పుడుతుంది. హిప్పోక్యాంపస్ దారి చూపే యంత్రం మాత్రమే అనిపిస్తుంది. దాని లోపలి అల్లిక చూస్తే ఆ అపోహ నిలవదు. సమాచారం ఎంటోరైనల్ కార్టెక్స్ నుంచి ముందుగా హిప్పోక్యాంపస్‌లోని డెంటేట్ గైరస్ అనే భాగానికి, అక్కడి నుంచి సీఏ3కి, దాని నుంచి సీఏ1కి నడుస్తుంది. ఎలుకలో డెంటేట్ గైరస్‌లో సుమారు 10 లక్షల కణాలున్నాయి, ఒక్కో అనుభవానికి వాటిలో చాలా కొద్ది మాత్రమే మేలుకుంటాయి. ఇంత పెద్ద గుంపులో ఇంత కొద్దిమందిని ఎంచడం వల్ల, దాదాపు ఒకేలా ఉన్న రెండు గదులకు కూడా వేర్వేరు కణాలు దక్కుతాయి. పోలికలను విడదీయడం దాని పని.

సీఏ3 పని దీనికి సరిగ్గా ఎదురు. అక్కడ సుమారు 3 లక్షల కణాలే ఉన్నాయి, కానీ అవి ఒకదానితో ఒకటి విపరీతంగా అల్లుకున్నాయి. ఒక్కో కణానికి డెంటేట్ నుంచి వచ్చే బలమైన తంతువులు 50 దాకా ఉంటే, తోటి సీఏ3 కణాల నుంచి వచ్చే సంధులు దాదాపు 12,000 ఉంటాయని అంచనా. ఇలాంటి అల్లికకు ఒక సామర్థ్యం వస్తుంది: జ్ఞాపకంలో ఒక ముక్క అందిస్తే మిగతాది తనే పూరించుకుంటుంది. తెలిసిన గదిలో గుర్తులు కొన్ని తీసేసినా మామూలు చుంచెలుక దారి కనుక్కుంటుంది. సీఏ3లో ఒక కీలకమైన గ్రాహకం (కణం సంకేతాలు అందుకునే ప్రోటీన్) లేకుండా పెంచిన చుంచెలుకలకు గుర్తులన్నీ ఉన్నంతసేపు ఇబ్బంది లేదు, కొన్ని తీసేస్తే తడబడ్డాయి. సుసుము టోనెగావా బృందం 2002లో ఇది చూపింది. చిన్న వాసన తగిలి ఒక సాయంత్రమంతా గుర్తొచ్చే అనుభవం మనందరికీ ఉంది. ఆ వాసనకు, ఆ సాయంత్రానికి మధ్య వంతెన వేసే పనిలో సీఏ3కి పెద్ద పాత్ర ఉందని చాలామంది శాస్త్రవేత్తల అభిప్రాయం. విడదీయడం, కలపడం అనే ఈ రెండు పనులూ చోట్లకే కాదు, ఏ సంఘటనకైనా కావాలి.

సంధి దగ్గర జరిగేది

వలయం నేర్చుకోవడమంటే దానిలోని కొన్ని సినాప్సులు, అంటే కణాల మధ్య సంధులు, బలపడడం, కొన్ని బలహీనపడడం. కలిసి పదేపదే ఉత్తేజితమయ్యే కణాల మధ్య బంధం బలపడుతుందని డొనాల్డ్ హెబ్ 1949లో ఊహించారు. 1973లో టిమ్ బ్లిస్, టేర్యే లోమో దాన్ని పోలిన మార్పును హిప్పోక్యాంపస్‌లో చూశారు. ఒక తంతుమార్గాన్ని వేగంగా ప్రేరేపిస్తే, ఆ తర్వాత గంటల తరబడి అక్కడి సంధుల స్పందన పెరిగే ఉంది. (వాళ్లు వాడినది కుందేళ్లను. ఆ తర్వాతి పని ఎక్కువగా ఎలుకలపై, చుంచెలుకలపై సాగింది.)

దీని వెనకున్న అణువు ఎన్‌ఎండీఏ గ్రాహకం. దీని తీరు నిజంగా అందమైనది. దాని ద్వారాన్ని మామూలుగా ఒక మెగ్నీషియం అయాన్ మూసి ఉంచుతుంది. పంపే కణం గ్లుటమేట్ అనే సంకేత రసాయనాన్ని విడుదల చేయాలి, అదే సమయంలో అందుకునే కణం కూడా ఉత్తేజితమై ఉండాలి. రెండూ కలిస్తేనే మెగ్నీషియం తొలగి కాల్షియం లోపలికి వస్తుంది. ఆ కాల్షియం సంధిని బలపరిచే మార్పులకు తెర తీస్తుంది. హెబ్ చెప్పిన 'కలిసి' అన్న మాటను ఒక ప్రోటీన్ అక్షరాలా అమలు చేస్తోంది.

రిచర్డ్ మోరిస్ రూపొందించిన నీటి తొట్టి ప్రయోగంలో, తెల్లబరచిన నీటి అడుగున కనిపించకుండా ఒక చిన్న అరుగు ఉంటుంది. ఎలుక ఈది ఈది దాన్ని కనుక్కుని, మరుసటి సారి గోడల మీది గుర్తులను బట్టి నేరుగా అక్కడికి వెళ్తుంది. ఎన్‌ఎండీఏ గ్రాహకాలను అడ్డుకునే ఏపీ5 అనే మందును మెదడుకు అందిస్తే ఎలుకలు ఈదగలిగాయి, చూడగలిగాయి, కానీ అరుగు చోటును నేర్చుకోలేకపోయాయని మోరిస్ బృందం 1986లో చూపింది. పదేళ్ల తర్వాత, సీఏ1 కణాల్లో మాత్రమే ఈ గ్రాహకం లేని చుంచెలుకలు కూడా అదే తొట్టిలో వెనకబడ్డాయి. అణువు నుంచి సంధికి, సంధి నుంచి వలయానికి, వలయం నుంచి ప్రవర్తనకు ఒక గొలుసు కుదిరింది.

అలవాటు ఎలా పైచేయి సాధిస్తుంది

స్ట్రయేటంలోని పై, వెలుపలి భాగం వేరే సూత్రంతో నేర్చుకుంటుంది. దానికి పటం అక్కర్లేదు. 'ఈ స్థితిలో ఈ కదలిక మంచి ఫలితమిచ్చింది' అన్న చిన్న లెక్క చాలు. ఆ లెక్కను దిద్దేది డోపమైన్. దీన్ని ఆనందపు రసాయనం అని పిలవడం చాలాచోట్ల కనిపిస్తుంది, ఆ పేరు తప్పుదారి పట్టిస్తుందని నా అభిప్రాయం. అది ముఖ్యంగా చెప్పేది ఊహించినదానికీ దొరికినదానికీ మధ్య తేడా. అనుకున్నదానికన్నా ఎక్కువ దొరికితే డోపమైన్ కణాల సంకేతం ఎగుస్తుంది, అనుకున్నంతే దొరికితే మారదు, దొరక్కపోతే తగ్గుతుంది. 2013లో ఎలుకలపై జరిగిన ఒక ప్రయోగం దీన్ని సూటిగా పరీక్షించింది. ఒక శబ్దం వినిపిస్తే తీపి నీళ్లు వస్తాయని ముందే తెలిసిన ఎలుకకు, ఆ శబ్దంతో పాటు ఒక దీపం కూడా చూపితే, దీపం గురించి అది పెద్దగా నేర్చుకోదు. కొత్త సమాచారం ఏమీ లేదు కదా. అయితే కాంతికి స్పందించేలా ముందే మార్చిన డోపమైన్ కణాలను తీపి అందే క్షణంలో కాంతి పంపి కృత్రిమంగా ఉత్తేజపరిస్తే, ఎలుక దీపాన్ని కూడా నేర్చుకుంది. తేడా ఉందన్న సంకేతమే నేర్పింది.

అలవాటు బలపడ్డాక ఏమవుతుందో చూడడానికి ఇంకో చక్కని పద్ధతి ఉంది. మీట నొక్కితే తిండి వస్తుందని ఎలుకకు నేర్పుతారు. తర్వాత ఆ తిండి తిన్నాక కడుపు తిప్పేలా చేస్తారు. కొద్దిగా మాత్రమే శిక్షణ పొందిన ఎలుక ఇక మీట జోలికి పెద్దగా పోదు. ఎక్కువ శిక్షణ పొందిన ఎలుక, ఆ తిండి తనకు వద్దని తెలిసినా, నొక్కుతూనే ఉంటుంది. స్ట్రయేటం వెలుపలి భాగం దెబ్బతిన్న ఎలుకలు ఎంత శిక్షణ ఇచ్చినా ఫలితాన్ని బట్టే నడుచుకుంటాయి. అంటే అలవాటుకు ఒక చిరునామా ఉంది. దాని పక్కనే, స్ట్రయేటం లోపలి భాగంలో, ఫలితాన్ని తూచే వలయం పని చేస్తూనే ఉంటుంది.

భయం, దాని కణాలు

ఇన్ని వలయాల్లో భయానిది స్పష్టంగా గీయగలిగిన దారి, అందుకే దాని మీద ఇంత పని జరిగింది. ఒక శబ్దం, వెంటనే పాదాలకు చిన్న విద్యుత్ ఘాతం. ఆ తర్వాత ఆ శబ్దం విన్నప్పుడల్లా ఎలుక కదలకుండా బిగుసుకుపోతుంది. శబ్దం, నొప్పి రెండూ మెదడు లోతుల్లో ఉండే అమిగ్డలా అనే చిన్న నిర్మాణపు పార్శ్వ భాగంలోని కణాల దగ్గర కలుసుకుంటాయని జోసెఫ్ లెడూ తదితరుల పని చూపింది. ఇదే అనుభవంలో ఎలుక ఇంకోటి కూడా నేర్చుకుంటుంది: ఈ గది ప్రమాదకరం. దానికి అమిగ్డలా ఒక్కటే చాలదు, హిప్పోక్యాంపస్ కావాలి. జీన్సూక్ కిమ్, మైకేల్ ఫాన్‌సెలో 1992లో చూపినది ఇది: శిక్షణ జరిగిన మరునాడే హిప్పోక్యాంపస్‌ను దెబ్బతీస్తే ఎలుకకు గది భయం పోయింది, శబ్దం భయం ఉండిపోయింది. నాలుగు వారాలు ఆగి దెబ్బతీస్తే గది భయం కూడా చాలావరకు నిలిచింది. ఈ నాలుగు వారాల సంగతికి మళ్లీ వస్తాను.

అమిగ్డలాలో ఒక్కో భయానికి ఏ కణాలు కేటాయింపు అవుతాయి? టొరంటోలో షీనా జోసెలిన్ బృందం 2007లో చుంచెలుకల అమిగ్డలాలో కొన్ని కణాలకు సీఆర్‌ఈబీ అనే ప్రోటీన్‌ను ఎక్కువగా అందించింది. కొత్త భయం నేర్చుకున్నప్పుడు ఆ కణాలే ఎక్కువగా ఎంపికయ్యాయి. ఆ సమయానికి ఎవరు సులువుగా ఉత్తేజితమయ్యే స్థితిలో ఉంటే వారికే ఆ జ్ఞాపకం దక్కుతుందన్నమాట. 2009లో ఆ బృందం అలా ఎంపికైన కణాలనే చంపివేసింది. భయం పోయింది. అంతే సంఖ్యలో ఇతర కణాలను చంపితే భయం అలాగే ఉంది. లాష్లీ పెద్ద కత్తితో వెతికినది ఇక్కడ కొద్ది కణాల గుంపుగా దొరికింది.

తర్వాతి మెట్టు టోనెగావా ప్రయోగశాలలో 2012లో పడింది. కణం బాగా ఉత్తేజితమైనప్పుడు సీ-ఫాస్ అనే జన్యువు మేలుకుంటుంది. ఆ జన్యువు స్విచ్చుకు, నీలి కాంతి తగిలితే కణాన్ని ఉత్తేజపరిచే ప్రోటీన్‌ను జత చేశారు. చుంచెలుక తిండిలో డాక్సీసైక్లిన్ అనే మందు ఉన్నంతకాలం ఈ ఏర్పాటు పని చేయదు. మందు ఆపి, భయం నేర్పి, మళ్లీ మందు మొదలుపెడితే, ఆ వ్యవధిలో పని చేసిన డెంటేట్ కణాలకు మాత్రమే కాంతి మీట అమరుతుంది. ఆ తర్వాత వేరే, ఏ భయమూ లేని గదిలో సన్నని తంతువు ద్వారా ఆ కణాలపై కాంతి పంపారు. చుంచెలుక బిగుసుకుపోయింది. మరుసటి ఏడాది అదే బృందం ఇంకో అడుగు ముందుకేసింది. హాయిగా ఉన్న ఒక గదిలో పని చేసిన కణాలకు గుర్తు పెట్టి, రెండో గదిలో వాటిని కాంతితో మేల్కొల్పుతూ ఘాతం ఇచ్చారు. ఎప్పుడూ నొప్పి కలగని మొదటి గదిలోకి తిరిగి వచ్చినప్పుడు చుంచెలుక భయపడింది. జరగని దాని జ్ఞాపకం. ఈ ఫలితం మొదటిసారి చదివినప్పుడు నాకు ఆశ్చర్యంతో పాటు కొంత బరువుగా కూడా అనిపించింది.

నిద్రలో నడిచే దారి

ఇప్పుడు ఆ నాలుగు వారాల సంగతి. మొదట హిప్పోక్యాంపస్‌పై ఆధారపడిన జ్ఞాపకం కాలం గడిచేకొద్దీ కార్టెక్స్‌కు ఎలా చేరుతుంది? ఒక ముఖ్యమైన ఆధారం నిద్రలో దొరికింది. పగలు కలిసి ఉత్తేజితమైన స్థాన కణాలు ఆ తర్వాతి నిద్రలో కూడా కలిసి ఉత్తేజితమవుతున్నాయని మాథ్యూ విల్సన్, బ్రూస్ మెక్‌నాటన్ 1994లో రాశారు. తర్వాతి ఏళ్లలో ఆ వరస కూడా తెలిసింది: ఎలుక నడిచిన దారిలో కణాలు ఏ క్రమంలో పలికాయో, గాఢ నిద్రలో అదే క్రమంలో, ఎన్నో రెట్ల వేగంతో పలుకుతాయి. ఇది హిప్పోక్యాంపస్‌లో రిపుల్స్ అనే చిన్న వేగవంతమైన తరంగాల సమయంలో జరుగుతుంది. ఇది ఊరికే మిగిలిన ప్రతిధ్వనా, అవసరమైన పనా? 2009లో పరిశోధకులు నిద్రలో రిపుల్ మొదలైన మరుక్షణమే దాన్ని చెదరగొట్టారు. నిద్ర పోనిచ్చారు, రిపుల్స్ మాత్రం సాగనివ్వలేదు. ఆ ఎలుకలు చిక్కుదారి నేర్చుకోవడంలో వెనకబడ్డాయి.

మెలకువలో కూడా ఇది కనిపిస్తుంది. తిండి దొరికి ఆగినప్పుడు ఎలుక హిప్పోక్యాంపస్ వచ్చిన దారిని వెనక నుంచి ముందుకు తిరగేస్తుంది. కూడలి దగ్గర సందేహంలో అటూ ఇటూ తల తిప్పే ఎలుకలో, స్థాన కణాలు ముందున్న ఒక దారిలోకి, తర్వాత రెండో దారిలోకి సంకేతంగా వెళ్లి వస్తాయని ఆడమ్ జాన్సన్, డేవిడ్ రెడిష్ 2007లో చూపారు. జ్ఞాపకం ఇక్కడ గతానికి సంబంధించినది కాదు, ఇంకా వేయని అడుగుకు సంబంధించినది.

జ్ఞాపకం హిప్పోక్యాంపస్ నుంచి కార్టెక్స్‌కు సామాను మోసినట్టు వెళ్తుందన్న చిత్రం సులువైనదే కానీ, 2017లో తకాషి కితామురా, టోనెగావా తదితరులు ప్రచురించిన పని దాన్ని సవరించింది. చుంచెలుక భయం నేర్చుకున్న మొదటి రోజే ముందరి కార్టెక్స్‌లో దానికి సంబంధించిన కణాలు ఏర్పడ్డాయి. అయితే అవి మూగగా ఉన్నాయి. కాంతితో లేపితే భయం బయటపడింది, సహజంగా గది చూసినప్పుడు మాత్రం పలకలేదు. రోజులు గడిచేకొద్దీ, హిప్పోక్యాంపస్ సాయంతో అవి పరిపక్వమయ్యాయి. అదే సమయంలో హిప్పోక్యాంపస్‌లోని కణాలు క్రమంగా మూగబోయాయి. రెండు చోట్లా రాత మొదటి రోజే జరిగింది, చదివే చోటు మారింది. కూడలిలోని ఎలుకల్లో 1996లో కనిపించినదే ఇక్కడ కణాల స్థాయిలో మళ్లీ కనిపించింది.

భయం తగ్గించడం కూడా ఇలాంటిదే. ఘాతం లేకుండా శబ్దం పదేపదే వినిపిస్తే ఎలుక బిగుసుకోవడం మానేస్తుంది. పాత భయం చెరిగిపోలేదు. ముందరి కార్టెక్స్‌లోని ఇన్‌ఫ్రాలింబిక్ భాగం అమిగ్డలాను అదుపు చేయడం నేర్చుకుంది. గది మారితే, లేదా కొన్ని వారాలు గడిస్తే, ఆ భయం తిరిగి వస్తుంది. భయాన్ని తగ్గించే చికిత్స పొందిన కొందరిలో అది వేరే పరిస్థితిలో మళ్లీ తలెత్తడానికి కారణం వాళ్ల పట్టుదల లోపం కాదని చెప్పడానికి ఎలుకల ఈ ఫలితమే నాకు బలమైన ఆధారం.

ఇవన్నీ చెప్పేటప్పుడు హద్దులు కూడా చెప్పాలి. ప్రయోగశాల చుంచెలుకలు చాలావరకు జన్యుపరంగా ఒకేలా ఉండే కొద్ది వంశాలవి, చిన్న పెట్టెల్లో పెరిగినవి. చాలాకాలం మగవాటినే ఎక్కువగా వాడారు. కాంతితో కణాలను లేపాలంటే జన్యువులను మార్చాలి, తలలోకి తంతువు దించాలి. వీటిలో దేన్నీ రేపు మనిషికి చికిత్సగా అనుకోకూడదు.

అయినా ఒక ఫలితం ఉంది, దాని దగ్గర ఆగుతాను. మనుషుల్లో అల్జీమర్స్‌కు కారణమయ్యే జన్యువులను చొప్పించిన చుంచెలుకలపై 2016లో ధీరజ్ రాయ్, టోనెగావా తదితరులు చేసిన పని అది. వ్యాధి తొలిదశలో ఉన్న ఆ చుంచెలుకలకు ఒక గదిలో భయం నేర్పారు. గంటసేపు గుర్తుంది. మరునాటికి లేదు. అదే గదిలోకి వదిలితే మామూలుగా తిరిగాయి. ఇంతకుముందయితే జ్ఞాపకం నమోదు కాలేదనో, చెరిగిందనో రాసి ఉండేవాళ్లం. కానీ శిక్షణ సమయంలో పని చేసిన డెంటేట్ కణాలకు ముందే గుర్తు పెట్టి ఉంది. వాటిపై నీలి కాంతి పంపగానే చుంచెలుకలు బిగుసుకుపోయాయి. జ్ఞాపకం ఉంది, దాని దగ్గరికి వెళ్లే దారే సన్నబడింది. సూక్ష్మదర్శినిలో చూస్తే, ఆ కణాలు సంకేతాలు అందుకునే చిన్న ముళ్లలాంటి భాగాలు తగ్గిపోయి ఉన్నాయి. ఎంటోరైనల్ కార్టెక్స్ నుంచి ఆ కణాలకు వచ్చే తంతువులను కాంతితో పదేపదే ప్రేరేపించి ఆ సంధులను బలపరిచినప్పుడు ముళ్లు తిరిగి పెరిగాయి. ఆ తర్వాత కాంతి లేకుండానే, గది చూడగానే, చుంచెలుకలకు గుర్తొచ్చింది.